ఇస్తీజాన్ - చేతిలోని ఫోను

దివ్య ఖుర్ఆన్ నూర్ సూరాలోని 27వ ఆయత్, పరుల ఇంట అడుగిడే ముందు అనుమతి కోరవలెనని విశ్వాసులను ఆదేశిస్తున్నది. ఫిఖ్హ్ పరిభాషలో ఇది ఇస్తీజాన్. ఆ అనుమతి ఇంటివారే ఇవ్వాలి, పొరుగువారు కాదు.

2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన రుణ యాప్‌ల వ్యవహారంలో జరిగినది దీనికి విరుద్ధం. అప్పు కోరినవాడు ‘అనుమతించు’ అని నొక్కగానే అతని ఫోనులోని నంబర్లన్నీ యాప్‌వారికి చేరేవి. వాయిదా తప్పితే బంధుమిత్రులకు ఫోన్లు, దూషణలు. వరంగల్ మండీబజారులో ఒకరు నొక్కితే కాజీపేటలోని మేనత్తకు బెదిరింపు! ఆమెను అడిగినదెవరు? ఆ నంబరు ఆమె అప్పగించిన అమానత్ కదా.

రుణ యాప్‌లు ఫోనులోని నంబర్లను, ఫొటోలను చూడరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో కట్టడి చేసింది. దొంగ యాప్‌లు ఆ మాట వినవు. ఇచ్చిన అనుమతిని ఫోను సెట్టింగులలో రద్దు చేయవచ్చును. అప్పటికే చేరిన నంబర్లు మాత్రం తిరిగిరావు.