అయిదు ప్రశ్నలు ఒకేసారి అడిగితే

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. పని వెతుక్కుంటూ శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి చేరిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఊళ్ళో బంధువులకు డబ్బు పంపడం వాళ్ళకు ఇప్పటికీ మామూలే. క్యాంప్ 2లో ఉండే రిటైరైన ఖాతాదారు ఒకాయన ఫోనులో ఇంటర్నెట్ బ్యాంకింగ్ తెరిచారనుకుందాం. సేవింగ్స్ నిల్వ, పింఛను జమ, ఎఫ్.డి.లు, పి.పి.ఎఫ్., ఇంటి లోను అన్నీ ఒకే పేజీలో కనిపించాలి. కానీ ఆ వివరాలు వేర్వేరు సర్వర్ల నుంచి రావాలి.

ఒక్కోదానికి ఒక సెకను పడుతుందనుకోండి. ఒకటి వచ్చాక మరొకటి అడిగితే అయిదు సెకన్లు. అయిదూ ఒకేసారి అడిగితే, అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే జవాబుకు పట్టేదే మొత్తం సమయం. దీనికి అయిదుగురు గుమాస్తాలు అక్కర్లేదు. ఒక ఓచరు ఆఫీసరు దగ్గరికి పాసింగ్‌కు పంపి, అది తిరిగొచ్చేలోగా తర్వాతి ఖాతాదారుని చూసుకోవడం మన కౌంటర్లలో రోజూ జరిగేదే. జావాస్క్రిప్ట్‌లోనూ గుమాస్తా ఒక్కడే. ఎదురుచూసే సమయం మాత్రం వృథా కాదు. అయితే పని ఎదురుచూపు కాకుండా పెద్ద లెక్కలైతే ఈ పద్ధతితో ఒరిగేదేమీ లేదు.

అయిదింటిలో ఒకటి విఫలమైతే? ‘ప్రామిస్.ఆల్’ వాడితే, ఒక్క లోను సర్వరు పలకకపోయినా మిగతా నాలుగు జవాబులూ చేతికి రావు. 2020 ప్రమాణంలో చేరిన ‘ప్రామిస్.ఆల్‌సెటిల్డ్’ దేని ఫలితం దానికి విడిగా ఇస్తుంది. రాని గడిలో ‘ప్రస్తుతం అందుబాటులో లేదు’ అని చూపాలి, 0 అని కాదు. ఎఫ్.డి. నిల్వ సున్నా అని కనిపిస్తే ఆ పెద్దాయనకు ఆ రాత్రి నిద్ర పడుతుందా?

ఒకేసారి అన్నాం కదా అని పదివేల మంది స్టేట్‌మెంట్లకు పదివేల అభ్యర్థనలు ఒక్కసారే వదిలితే కోర్ బ్యాంకింగ్ సర్వరు ఉక్కిరిబిక్కిరవుతుంది. ఇరవై మాత్రమే లోపల ఉంచి, ఒకటి ముగియగానే మరొకదాన్ని పంపాలి. టోకెన్ పద్ధతే. ఇరవై చొప్పున జట్లు కట్టడం కన్నా ఇదే మేలు, ఎందుకంటే జట్టులో ఒక్కటి ఆలస్యమైతే మిగిలిన పందొమ్మిది స్థానాలూ ఖాళీగా ఉండిపోతాయి.

ఇదంతా వివరాలు అడగడం గురించి. డబ్బు కదిలే చోట తొందర పనికిరాదు. ఆయన ఊళ్ళో కూతురికి 5,000 రూపాయలు పంపారు, తెర తిరుగుతూనే ఉంది, చివరికి టైమౌటు అయింది. అంటే జవాబు రాలేదని మాత్రమే, డబ్బు వెళ్ళలేదని కాదు. ప్రోగ్రాం గుడ్డిగా మళ్ళీ పంపితే రెండుసార్లు ఖర్చు పడవచ్చు. అందుకే ప్రతి లావాదేవీకి ముందే ఒక ప్రత్యేక రిఫరెన్స్ నంబరు ఇస్తారు. అదే నంబరుతో రెండో అభ్యర్థన వస్తే, సర్వరు కొత్తగా ఖర్చు రాయకుండా మొదటి ఫలితాన్నే చెప్పేలా ప్రోగ్రాం రాయాలి. 2016లో వచ్చిన యూపీఐలోనూ లావాదేవీ స్థితి కనుక్కునే ఏర్పాటు విడిగా ఉంది.

ఆయన ఫోను పట్టుకుని శాఖకు వస్తే, ‘మళ్ళీ పంపండి’ అనేముందు ఆ నంబరుతో స్థితి చూడండి.