మిషన్ డిస్‌ప్లేలో ‘కమ్యూనికేషన్ ఎర్రర్’ వచ్చిందా? కంప్యూటర్ మార్చే ముందు ఇవి చూడండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో జేసీబీ, ప్రొక్లెయిన్ యూనిట్లు నడుపుతున్న లబ్ధిదారుల కోసం

దళిత బంధు కింద ఒక్కో కుటుంబానికి 10 లక్షల రూపాయల సాయం ఇచ్చారు. కొన్ని కుటుంబాలు సొమ్ము కలిపి పెద్ద యూనిట్ పెట్టుకునే వీలూ పథకంలో ఉండేది. 2021, 2022లో తీసుకున్న మిషన్లు ఇప్పుడు పాతబడ్డాయి. వేసవిలో చెరువు పూడిక, పొలాల చదును పనులు జోరుగా ఉన్నప్పుడు మిషన్ నాలుగు రోజులు ఆగితే ఆ నెల లెక్క తప్పినట్టే. ఆ తొందరలోనే చాలామంది అవసరం లేకున్నా కంప్యూటర్ బాక్సు మార్చేస్తారు. అసలు లోపం తరచుగా తీగలోనో, కప్లర్‌లోనో ఉంటుంది.

ఈ ఎర్రర్ అంటే ఏంటి?

టైర్ల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి సీఈవీ-4 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. అప్పటి నుంచి వాటిలో డీజిల్ ఎంత పోవాలో కంప్యూటరే చూసుకుంటుంది. ఇంజన్ బాక్సు, హైడ్రాలిక్ బాక్సు, డిస్‌ప్లే ఇవన్నీ ఒకదానితో ఒకటి రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. ఆ జతనే క్యాన్ లైన్ అంటారు. ఒక తీగ క్యాన్-హై, రెండోది క్యాన్-లో.

టెలికాన్ఫరెన్స్ లాంటిదే ఇది. ఒక్కరి ఫోన్‌లో గోల వస్తే మిగతా ఎవరికీ ఏమీ వినపడదు. అట్లనే ఒక కప్లర్‌లో నీళ్లు చేరినా మొత్తం లైన్ చెడుతుంది. అప్పుడు ఇంజన్ రేజ్ పెరగదు, మీటర్లు సున్నా చూపిస్తాయి, ఒక్కోసారి స్టార్టే కాదు. బాక్సులు మాత్రం బాగానే ఉండొచ్చు.

ముందుగా కోడ్లు రాసుకోండి

కోడ్లు చెరపకండి, డిస్‌ప్లే ఫొటో తీసుకోండి. ఒక్క సెన్సర్ పేరే వస్తే లోపం ఆ సెన్సర్ దగ్గర లేదా దాని తీగ దగ్గర వెతకాలి. ఒకేసారి నాలుగైదు కోడ్లు వస్తే అన్నీ ఒక్కసారే చెడిపోయాయని అనుకోవద్దు. కరెంటు, ఎర్త్, క్యాన్ లైన్ ఈ మూడింట్లో ఏదో ఒకటి దెబ్బతిన్నదని గుర్తు. బూమ్ ఎత్తినప్పుడా, వేడెక్కినంకనా, వాన తర్వాతనా, ఎర్రర్ ఎప్పుడు వస్తుందో కూడా రాసుకుంటే మెకానిక్ పని సగం తగ్గుతుంది.

వరుసగా చూడాల్సినవి

1. బ్యాటరీ: ఫుల్ చార్జ్‌లో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ ఇంజన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 చూపాలి. ప్రొక్లెయిన్‌లో రెండు బ్యాటరీలు ఉంటే సుమారు 25. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14, లేదా 28 దరిదాపుల్లో ఉండాలి. వోల్టేజి పడిపోతే బాక్సులు తప్పుడు కోడ్లు చూపిస్తాయి.

2. ఎర్త్, ఫ్యూజులు: ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు దగ్గర తుప్పు గీకి, బోల్టు గట్టిగా బిగించండి.

3. తీగలు, కప్లర్లు: గడ్డివాము పక్కన నిలిపిన మిషన్‌లో ఎలుకలు తీగలు కొరుకుతాయి. ప్రెషర్ పంపుతో కడిగితే కప్లర్లలోకి నీళ్లు పోతాయి. జీపీఎస్ పెట్టినోళ్లు క్యాన్ తీగలు కోసి కలిపి ఉండొచ్చు. పచ్చ మరకలు, వంగిన పిన్నులు, టేపు చుట్టిన అతుకులు వెతకండి.

4. మల్టీమీటర్ పరీక్ష: బకెట్ నేల మీద పెట్టండి, తాళంచెవి తీయండి, బ్యాటరీ స్విచ్ ఆపి కొద్ది నిమిషాలు ఆగండి. చాలా మిషన్లలో తొమ్మిది పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది. అందులో సీ, డీ పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. వేరే రకం సాకెట్ ఉంటే కంపెనీ బుక్కు చూడాలి. లైన్ రెండు చివర్లలో 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి లెక్క ఇట్లా:

• సుమారు 60: లైన్ తెగలేదు, రెసిస్టర్లు సరిగ్గా ఉన్నాయి
• సుమారు 120: ఒక రెసిస్టర్ లేదు, లేదా తీగ ఎక్కడో తెగింది
• సుమారు 40: ఎవరో అదనంగా ఇంకో రెసిస్టర్ పెట్టారు
• సున్నాకు దగ్గర: రెండు తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి

సున్నా వస్తే బాక్సుల కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ కొలవండి. ఏది తీసినప్పుడు రీడింగ్ మారిందో లోపం అటువైపే ఉంది. కప్లర్ తీసేటప్పుడు, పెట్టేటప్పుడు కరెంటు ఆపే ఉండాలి.

60 వచ్చినా ఎర్రర్ పోకుంటే తాళం ఆన్ చేసి వోల్టేజి చూడాలి. ఎర్త్‌కు, ఒక్కో తీగకు మధ్య రెండింటిలోనూ సుమారు 2.5 ఉండాలి. హై కొంచెం ఎక్కువ, లో కొంచెం తక్కువ. దీనికి బల్బు టెస్టర్ వాడొద్దు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా లోపం పోకుంటేనే ల్యాప్‌టాప్ ఉన్న కంపెనీ మెకానిక్‌ను పిలవండి.

వెల్డింగ్‌తో జాగ్రత్త: బకెట్‌కు వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ తీగలు ఊడదీయండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టాలి. లేకుంటే ఆ కరెంటు బాక్సుల గుండా పోయి నిజంగానే కాల్చేస్తుంది.

పాత మిషన్ కొనే వారికి

పథకం డబ్బుతో కొనేదైతే పాత మిషన్‌కు అనుమతి ఉందో లేదో ముందుగా ఎస్సీ కార్పొరేషన్ ఈడీ కార్యాలయంలో అడగండి. అడ్వాన్స్ ఇవ్వకముందే ల్యాప్‌టాప్‌తో కోడ్లు చూపించమనండి, గంటసేపు పని చేయించి మళ్లీ చూడండి. చల్లగా ఉన్నప్పుడు కనపడని లోపం వేడెక్కినంక బయటపడుతుంది. వేరే మిషన్ నుంచి తెచ్చిన బాక్సు ప్రోగ్రామ్ చేయకుండా సరిగ్గా పనిచేయదు, కాబట్టి బాక్సు మార్చారేమో అడిగి రసీదులో రాయించండి.

బిల్లు విషయంలో మీ హక్కు

మార్చిన పాత బాక్సు మీకే ఇవ్వాలని, ఏ పరీక్ష చేసి మార్చారో బిల్లులో రాయాలని ముందే మాట్లాడుకోండి. సొంత ఉపాధి కోసమే కొని నడుపుకునే వారిని వినియోగదారుల రక్షణ చట్టం-2019 వినియోగదారులుగానే చూస్తుంది. షాపు మోసం చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ నిలబడేవి బిల్లు, కోడ్ల ఫొటో. రెండూ దాచుకోండి.

గుర్తుంచుకోండి: ముందు బ్యాటరీ, తర్వాత ఎర్త్, తర్వాత తీగ, కప్లర్. కంప్యూటర్ అన్నింటికంటే చివర. ఈ పీడీఎఫ్‌ను మీ ఆపరేటర్‌కు, మీ యూనిట్‌లోని మిగతా కుటుంబాలకు పంపండి.