‘30 వేల వరకు’... ఆ ‘వరకు’ సంగతేంటి?

‘హెవీ డ్రైవర్లు కావలెను. నెలకు 30 వేల వరకు. పీఎఫ్, బత్తా అదనం.’ నంద్యాల, ఆళ్లగడ్డ వాట్సప్ గ్రూపుల్లో ఇలాంటి ప్రకటన మీకూ వచ్చే ఉంటుంది. హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజు కట్టుకుంటూ ట్రైనీ జీతంతో నెట్టుకొస్తున్న సీనియర్లను చూశాక ‘లారీ అయితే ఏం తప్పు?’ అనిపించడం సహజం. తప్పేమీ లేదు. కాకపోతే ఆ ప్రకటనలో ముందు చదవాల్సింది ‘30 వేలు’ కాదు, దాని పక్కనున్న ‘వరకు’.

మన దగ్గర లోడుకు కరువు లేదు. కొలిమిగుండ్ల, బనగానపల్లె వైపు సిమెంటు, బేతంచెర్ల నాపరాళ్లు, నంద్యాల బియ్యం, ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన రాతి విగ్రహాలు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, కడప మీదుగా తమిళనాడులోని రాణిపేట దాకా వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి ఇంటి ముందే ఉంది. ఈ దారిలో తిరిగే లారీల్లో కొన్ని ఒకటీ రెండు బండ్లున్న ఓనర్లవి, కొన్ని పెద్ద కంపెనీలవి. పెద్దవంటే ఎంత పెద్దవి? 1976లో గదగ్‌లో ఒక్క లారీతో మొదలైన వీఆర్ఎల్ ఇప్పుడు హుబ్బళ్లి కేంద్రంగా వేల సొంత వాహనాలు నడుపుతోంది.

ఓనర్ బండికీ కంపెనీ బండికీ అసలు తేడా జేబులో తెలుస్తుంది. ఓనర్ దగ్గర ట్రిప్పుకు ముందు అడ్వాన్సు చేతికొస్తుంది. డీజిల్, హమాలీ, దారి ఖర్చులు అందులోంచే పెట్టుకోవాలి. తిరిగొచ్చాక నోటిమాట మీద లెక్క. మిగిలితే మీది, తేడా వస్తే గొడవ. కంపెనీలో డీజిల్‌కు కార్డు, టోల్‌కు ఫాస్టాగ్ (2021 ఫిబ్రవరి నుంచి అది ఎటూ తప్పనిసరే), జీతం బ్యాంకులో. చేతిలో డబ్బు ఆడదు. పాత డ్రైవర్లు కొందరికి నచ్చనిది ఇదే. మీకు మాత్రం ఇది మేలు: బ్యాంకులో పడిన జీతాన్ని రేపు లోన్‌కు వెళ్లినప్పుడు చూపించుకోవచ్చు. ఒక్క మాట, చాలా కంపెనీ బండ్లలో క్లీనర్ ఉండడు. టైరు గాలి చూడటం, పట్టా కట్టడం, ఇరుకు గొందిలో రివర్స్ తీయడం అన్నీ మీరే.

ఇప్పుడు ‘వరకు’ దగ్గరికి వద్దాం. ఉదాహరణకు స్థిర జీతం 12 వేలు, కిలోమీటరుకు 2 రూపాయలు అనుకోండి. 30 వేలు రావాలంటే నెలకు 9,000 కిలోమీటర్లు తిరగాలి. అంటే ఒక్క రోజూ ఆగకుండా రోజుకు 300. జీఎస్టీ ఈ-వే బిల్లు కూడా సాధారణ సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు లెక్కేస్తుంది. ఆ లెక్కన చూస్తే నెలకు 6,000 కిలోమీటర్లు, 24 వేలు. ఇక లోడింగ్ ఆలస్యాల్లో ఐదు రోజులు పోయాయంటే 22 వేలు.

ఆ రోజులు ఎక్కడ పోతాయి? ఫ్యాక్టరీ గేటు బయట యార్డులో టోకెన్ తీసుకుని కూర్చోవడంలో. కాటా దగ్గర క్యూలో. పండగ రోజు బండి చేరితే హమాలీలు వచ్చేదాకా గోడౌన్ ముందు. ఆ టైంలో మీరు ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తారు గానీ, డీజిల్ పోకుండా, సరుకు తడవకుండా చూడాల్సింది మీరే. నా దృష్టిలో అదీ డ్యూటీయే. ఇలా ఆపినందుకు సరుకు వాళ్ల దగ్గర హాల్టింగ్ చార్జీ వసూలు చేయడం ట్రాన్స్‌పోర్టు వ్యాపారంలో ఉన్నదే. అందులో డ్రైవర్‌కు ఎంత అన్నది కంపెనీని బట్టి మారుతుంది. అడగకపోతే ఎవరూ చెప్పరు.

రెండోది, క్యాబిన్‌లో ఉండే పెట్టెలు. టెక్నాలజీ గురించి రాసేవాణ్ని కాబట్టి నా కన్ను వీటి మీదే పడింది. జీపీఎస్, డీజిల్ ట్యాంకులో సెన్సర్, కొన్ని బండ్లలో మీ ముఖం వైపు తిరిగిన కెమెరా. స్పీడు, సడన్ బ్రేకు, ఆగి ఉండగా ఇంజిన్ ఎంతసేపు ఆన్‌లో ఉందీ అన్నీ ఆఫీసు స్క్రీన్ మీదకు వెళ్తాయి. దీనివల్ల లాభమూ ఉంది. లీటరుకు 4 కిలోమీటర్లు రావాలని కంపెనీ పెట్టిందనుకోండి, 1,000 కిలోమీటర్లకు 250 లీటర్లు. మీరు 4.2 తెస్తే 238 చాలు. మిగిలిన 12 లీటర్లలో వాటా ఇచ్చే కంపెనీలో నిదానంగా నడిపేవాడికి గెలుపు. కానీ గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ ఎక్కే బండికీ, కడప వైపు నాలుగు లేన్లలో పోయే బండికీ ఒకటే టార్గెట్ పెడితే? ఇంకోటి చూడండి. 2025 నుంచి కొత్తగా తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మే నెలలో యార్డులో నాలుగు గంటలు ఆగితే ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టాలి. ఆ డీజిల్ మీ మైలేజీలోంచి పోతుందా? ఈ ప్రశ్న వేసినవాణ్ని హెచ్ఆర్ వాళ్లు కాస్త వేరుగా చూస్తారు, చూడనివ్వండి.

పని గంటల సంగతి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం మామూలుగా రోజుకు 8 గంటలు, ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి అంది. తర్వాత దాన్ని 2020 కార్మిక కోడ్‌లో కలిపారు. అమెరికాలో 11 గంటలు నడిపాక ఆపాల్సిందే. ఆ లెక్క రాసే ఎలక్ట్రానిక్ పరికరం 2017 డిసెంబరు నుంచి అక్కడ తప్పనిసరి. మన దగ్గర బండి ఎక్కడుందో క్షణంలో చెప్పే స్క్రీన్, డ్రైవర్ పడుకుని ఎన్ని గంటలైందో కూడా చెప్పాలిగా! గురుగ్రామ్‌లో 2014లో మొదలైన రివిగో రిలే పద్ధతి తెచ్చింది: నాలుగైదు గంటలు నడిపి బండి ఇంకొకరికి అప్పజెప్పి, ఎదురొచ్చిన బండితో ఇంటికి. ఆ కంపెనీ ఎక్స్‌ప్రెస్ వ్యాపారాన్ని 2022లో మహీంద్రా లాజిస్టిక్స్ కొనుక్కుంది. మీరు చేరబోయే చోట ఇలాంటి పద్ధతి ఉండి, బండి మార్చే పాయింటు కడపలోనో కర్నూలులోనో ఉంటే, ఆళ్లగడ్డ కుర్రాడు రాత్రికి ఇంట్లో అన్నం తినొచ్చు. రెండు వేలు తక్కువైనా నేనైతే అదే ఎంచుకోమంటాను.

లైసెన్సు విషయానికొస్తే, 20 ఏళ్లు నిండాలి, ఎల్ఎంవీ లైసెన్సు వచ్చి ఏడాది కావాలి. ఆ ఏడాదిని వృథా చేసుకోనక్కర్లేదు. 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను ఎల్ఎంవీ లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. చిన్న గూడ్సు బండి మీద చేయి తిప్పుకోండి. హెవీ శిక్షణకు ప్రకాశం జిల్లా దర్శిలో, సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో సంస్థలున్నాయి.

ఇంటర్వ్యూలో ఇంకో రెండు అడగండి: నన్ను పెట్టుకునేది కంపెనీయా, మధ్యలో కాంట్రాక్టరా? ప్రమాదం జరిగితే బెయిలు, లాయరు ఖర్చు ఎవరిది? జవాబులు తేలిగ్గానే వస్తాయి, నోటితో చెప్పడమే కదా. అందుకే పేరు కొట్టేసైనా సరే, పోయిన నెల ఒక డ్రైవర్‌కు ఇచ్చిన జీతం స్లిప్పు, ట్రిప్పు సెటిల్‌మెంట్ కాగితం చూపించమనండి. కిలోమీటర్లు ఎన్ని, ఆగిన రోజులు ఎన్ని, కోతలు ఎందుకో అందులో ఉంటాయి.