పాత స్ప్లెండర్ గేర్‌బాక్స్ దగ్గర ఆయిల్ కారుతోందా? ఇంజన్ దించే ముందు ఇది చూడండి

ఈ రోజు టాపిక్ మనలో చాలామంది ఇళ్లల్లో ఉన్న బండి గురించే. పొద్దున్నే బండి తీస్తే కింద టైల్స్ మీద నల్లటి మరక. అమ్మ తిట్టుకుంటూ ఒక అట్టముక్క వేస్తుంది, రెండు రోజులకి ఆ అట్ట కూడా తడిసిపోతుంది. మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్తే ఒకటే మాట: "ఇంజన్ దించాలి తమ్ముడూ". ఆ ఖర్చు వినగానే మనం బండి అమ్మేద్దాం అంటాం, నాన్న ససేమిరా అంటారు.

ఆ మాట నిజమే కావచ్చు, కాకపోవచ్చు కూడా. చాలాసార్లు ఆ లీక్ వెనక ఉండేది ఒక రబ్బరు సీల్. దాని ఖరీదు ఒక బిర్యానీ కంటే తక్కువ. కానీ లీక్ ఎక్కడినుంచో తెలియకుండా ఏది మార్చినా డబ్బులు దండగ. లాగ్స్ చూడకుండా కోడ్ మార్చినట్టే ఉంటుంది, ఆ బాధ నాకు బాగా తెలుసు.

నేను చెప్పేది హీరో హోండా స్ప్లెండర్ గురించి. 1994లో వచ్చిన బండి. కంపెనీ పేరు 2011లో హీరో మోటోకార్ప్ అయింది, కాబట్టి మీ ట్యాంకు మీద హీరో హోండా అని ఉంటే బండి వయసు మీకే అర్థమవుతుంది. ఇందులో గేర్‌బాక్స్‌కి వేరే ఆయిల్ ఉండదు. ఇంజను, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి, అది కూడా మొత్తం మీద సుమారు ఒక లీటరు. అందుకే గేర్‌బాక్స్ దగ్గర చుక్క కారినా అది ఇంజన్ ఆయిలే. తక్కువైందని చెప్పడానికి మీటర్లో లైటు కూడా లేదు. చూసుకోకుండా తిప్పితే ముందు దెబ్బ తగిలేది పైన హెడ్‌లో ఉన్న క్యామ్‌షాఫ్ట్‌కి. ఇంకో డేంజర్ ఏంటంటే, ఆ ఆయిల్ చైన్ మీద పడి, అక్కడినుంచి వెనక టైరు అంచుకి చిమ్ముతుంది. మలుపులో వాలినప్పుడు టైరు జారితే అప్పుడు ఖర్చు సీల్‌తో ఆగదు.

సరే, ముందు ఎక్కడినుంచో పట్టుకుందాం. చుక్క పడిన చోటే లీక్ ఉందని అనుకోకండి. బండి నడుస్తుంటే గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది, సైడ్ స్టాండ్ వేస్తే ఎడమకి జారుతుంది. కిరోసిన్ గానీ డీజిల్ గానీ, ఒక పాత బ్రష్ తీసుకుని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కింద భాగం, ఎడమ వైపు స్ప్రాకెట్ కవరు చుట్టూ శుభ్రంగా కడగండి. ఆరాక ముఖానికి రాసుకునే పౌడర్ ఉంటుంది కదా, అది పల్చగా చల్లండి. నాలుగైదు కిలోమీటర్లు తిప్పి తీసుకొచ్చి మొబైల్ టార్చ్ వేసి చూడండి. పౌడర్ ఎక్కడ ముందు తడిసిందో అక్కడే లీక్.

డ్రెయిన్ బోల్ట్ దగ్గర తడిస్తే పండగ చేసుకోండి, వాషర్ మార్చితే చాలు. మళ్లీ బిగించేటప్పుడు బలం చూపించకండి, అక్కడ థ్రెడ్ అల్యూమినియంలో ఉంటుంది, పోయిందంటే అది వేరే కథ. గేర్ లివర్ వెనక తడిస్తే గేర్ షాఫ్ట్ సీల్. స్ప్రాకెట్ వెనక తడిస్తే మన ఈరోజు హీరో అదే. ఇంకొకటి, స్ప్రాకెట్ కవరు లోపల నల్లగా, ఇసుకతో కలిసి జిడ్డుగా ఉన్నదంతా ఆయిల్ లీక్ కాదు. ఏళ్లుగా చైన్‌కి వేసిన గ్రీజు అక్కడ ముద్ద కట్టి ఉంటుంది. అది చూసే భయపడి వచ్చినవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఇంజన్ దించాలా వద్దా? స్ప్రాకెట్ కవరు తీసి, చైన్ వదులు చేసి, ఆ చిన్న స్ప్రాకెట్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. షాఫ్ట్‌తో కలిసి టక్ టక్ అని కొట్టుకుంటే లోపల బేరింగ్ పోయింది. అప్పుడు మెకానిక్ అన్న చెప్పిందే కరెక్ట్, ఎన్ని సీల్స్ వేసినా నిలవవు. స్ప్రాకెట్ పళ్ల దగ్గర కొంచెం కదలడం మామూలే, నేను చెప్పేది షాఫ్ట్ ఆట గురించి. షాఫ్ట్ గట్టిగా ఉంటే బయటినుంచే పని అయిపోతుంది.

ఆయిల్ ఎలాగూ మార్చాలి కాబట్టి ముందు దాన్ని దించేయండి. గేర్ లివర్ తీసేముందు అది ఏ యాంగిల్లో ఉందో ఫోటో తీసుకోండి, తర్వాత థ్యాంక్స్ చెప్తారు. చైన్ తీయకముందే బండిని గేర్లో పెట్టి, వెనక బ్రేక్ తొక్కి పట్టుకుని స్ప్రాకెట్ ప్లేట్ బోల్టులు రెండూ వదులు చేయండి. చైన్ తీసేశాక వదులు చేద్దామంటే షాఫ్ట్ తిరిగిపోతూనే ఉంటుంది. పాత సీల్ తీయడానికి చిన్న కొక్కెం చాలు. స్క్రూడ్రైవర్‌తో కుమ్మి షాఫ్ట్ మీద గీత పెట్టారంటే ఆ గీత గుండానే కొత్త సీల్ కూడా కారుతుంది.

పాత సీల్ మీద మూడు అంకెలు ఉంటాయి, లోపలి సైజు, బయటి సైజు, మందం. ఫోటో కాదు, సీల్‌నే జేబులో వేసుకుని వెళ్లండి. సికింద్రాబాద్‌లో రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్, మీ ఊళ్లో అయితే ఏ బేరింగ్ షాపు అయినా సరే.

ఇక్కడ నా తప్పు చెప్తా. మొదటిసారి నేనే మార్చా, పది రోజుల్లో మళ్లీ కారింది. చెత్త సీల్ అని షాపు అతన్ని తిట్టుకున్నా. తీరా తీసి చూస్తే సీల్ పెదవి చీరుకుపోయి ఉంది. షాఫ్ట్ చివర స్ప్రాకెట్ కూర్చునే గాళ్లు ఉంటాయి కదా, వాటి అంచులు బ్లేడులా ఉంటాయి. సీల్‌ని వాటి మీదుగా పొడిగా తోసేశా. రెండోసారి బ్రెడ్ ప్యాకెట్ కవరు ముక్క షాఫ్ట్‌కి చుట్టి, సీల్ పెదవికి ఇంజన్ ఆయిల్ రాసి జారించా, సాఫీగా వెళ్లింది. స్ప్రింగ్ కనిపించే వైపు లోపలికి, అంటే ఆయిల్ వైపు ఉండాలి. సీల్ అంచు సైజుకి సరిపోయే సాకెట్ గానీ పీవీసీ పైపు ముక్క గానీ పెట్టి, చుట్టూ సమానంగా మెల్లగా తట్టండి. ఒక పక్క ముందు దిగితే ఆపి సరిచేయండి.

షాఫ్ట్ మీద వేలుగోరు తగిలేంత గాడి పడి ఉంటే, అది పాత సీల్ ఇన్నేళ్లు రాసుకున్న చోటు. కొత్త సీల్‌ని పాతదానికంటే అర మిల్లీమీటరు అటూ ఇటూ కూర్చోబెడితే పెదవి కొత్త ఇనుము మీద పడుతుంది. ఇక బయటినుంచి ఎంసీల్ పూయడం మాత్రం వద్దు. ఆయిల్ తడి మీద అది అతుక్కోదు, తర్వాత గీకలేక చస్తారు.

సీల్ మార్చినా అసలు కారణం అలాగే ఉంటే మళ్లీ వస్తారు నా దగ్గరికి. చైన్ తీగలా బిగించి పెట్టుకునేవాళ్లు చాలామంది. ప్రతి గుంతలో అది షాఫ్ట్‌ని వెనక్కి లాగుతుంది, బేరింగ్, సీల్ రెండూ పోతాయి. మధ్యలో వేలితో ఎత్తితే సుమారు అంగుళం ఆడాలి. రెండోది బ్రీదర్ పైపు. ఇంజన్ ఊపిరి బయటికి వదిలే దారి అది. మడతపడినా, మురికితో మూసుకుపోయినా లోపల ప్రెషర్ పెరిగి సీల్స్‌ని బయటికి తోస్తుంది. పైపు ఊడదీసి నోటితో ఊది చూడండి, ఒక్క నిమిషం పని.

ఆయిల్ 10డబ్ల్యూ30 గ్రేడ్, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నదే కొనండి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. సెంటర్ స్టాండ్ వేసి, రెండు మూడు నిమిషాలు ఇంజన్ తిప్పి ఆపి, కాసేపు ఆగి డిప్‌స్టిక్ చూడండి. తుడిచి లోపల పెట్టండి చాలు, మర తిప్పకూడదు. రెండు గీతల మధ్య ఉండాలి, పై గీత దాటి పోయడం కూడా తప్పే. పాత ఆయిల్ కాలవలో పారబోయకండి, డబ్బాలో పోసి మెకానిక్ షాపులో ఇవ్వండి.

పని అయ్యాక ఆ రాత్రి ఇంజన్ కింద ఒక తెల్ల కాగితం పరిచి పడుకోండి. పొద్దున్నే చుక్క ఉంటే, కాగితం ఫోటో, స్ప్రాకెట్ దగ్గర ఫోటో రెండూ కామెంట్లో పెట్టండి, కలిసి చూద్దాం.