రంపపు పనికి మడత పీటలు

వాసము గాని పలక గాని కోయవలసివచ్చినప్పుడు దానిని రాతిమీద ఆనించి, కాలితో తొక్కిపట్టి రంపము లాగుట మన ఊళ్లలో ఇప్పటికిని కద్దు. రంపము జారినచో తగులునది ఆ కాలికే. ఒక జత మడత పీటలున్నచో ఈ అపాయము తప్పును. పని తీరగానే మడచి మూలన పెట్టుకొనవచ్చును.

బాగుగా ఆరిన వేపకర్ర చాలును. పచ్చికర్ర వంకర తిరుగును. ఒక్కొక్క పీటకు రెండు చట్రములు కావలెను. చట్రమునకు 70 సెంటీమీటర్ల కాళ్లు రెండు. వాటికి లోపలివైపున, పైన 80 సెంటీమీటర్ల అడ్డకర్ర, కింద మరొకటి. మేకులు క్రమముగా వదులగును గనుక మరమేకులే వాడవలెను. ముందు సన్నని రంధ్రము తొలిచినచో కర్ర చీలదు. పై అడ్డకర్రలు రెండును తాకునట్లు చట్రములను చేర్చి, వాటి పై అంచులమీద రెండు తలుపు బందులు బిగింపవలెను. బందు కీలు పైకి ఉండవలెను, లేనిచో కాళ్లు విచ్చుకొనవు.

పీటకు ప్రాణము గొలుసే. కాళ్లను నేలవద్ద 45 సెంటీమీటర్లు ఎడముగా నిలిపి, ఆ కొలతకు కింది అడ్డకర్రలను రెండు చివరలను ఇనుప గొలుసుతో కలుపుడు. తాడు సాగును; బరువు పడగానే కాళ్లు జారి దూలము మీ పాదముమీద పడగలదు.

కోత గీత రెండు పీటల నడుమ ఉండరాదు. నడుమ కోసినచో కర్ర క్రుంగి రంపమును పట్టివేయును. కరెంటు రంపమైనచో మనిషిమీదికే ఎగురును. గీత పీటకు వెలుపల ఉంచి, తెగు ముక్క పొడుగైనచో మరొకరిని పట్టుకొనుమనుడు, పైకెత్తవద్దనుడు. పీటమీద ఎక్కి నిలువరాదు, ఇది నిచ్చెన కాదు. మడచునప్పుడు చట్రముల నడుమ వేళ్లు పెట్టకుడు.