రాయి వదలని వాయువు

మండపేట ప్రాంతంలో ఓఎన్‌జీసీ సహజ వాయువు తీస్తూ వచ్చింది ఇసుకరాతి పొరల్లోంచి. ఆ వాయువు పుట్టింది మాత్రం ఇసుకరాతిలో కాదు, దాని అడుగునున్న కొమ్ముగూడెం పొరల్లో. పెర్మియన్ యుగం నాటి షేల్, బొగ్గు అక్కడ కలగలిసి ఉంటాయి. ఆ పొరల్లో పూడుకుపోయిన మొక్కల అవశేషాలు భూగర్భపు వేడికి మీథేన్‌గా మారి, కొంత భాగం పైకి పాకి ఇసుకరాతిలో చిక్కింది. చమురు రంగం చాలాకాలం ఆ పైకి పాకిన భాగం వెంటే పడింది. పుట్టినచోటే ఉండిపోయిన వాయువు సంగతి పెద్దగా పట్టించుకోలేదు.

షేల్ అంటే గట్టిపడ్డ సన్నని బురదే. ఆక్సిజన్ అందని నీటి అడుగున చచ్చిన నాచు, మొక్కల తునకలు పూర్తిగా కుళ్లకుండానే ఆ బురదలో కలిసి పూడిపోతాయి, క్రమంగా కెరోజెన్ అనే ఘనపదార్థంగా మారతాయి. లోతుకు దిగి వేడెక్కేకొద్దీ కెరోజెన్ నుంచి ముందు నూనె, ఇంకా వేడెక్కితే వాయువు పుడతాయి. మంచి షేల్‌లో సేంద్రియ పదార్థం రాయి బరువులో 5 శాతం ఉందంటే చాలా ఉన్నట్టే. అయితే కెరోజెన్ సాంద్రత రాతి సాంద్రతలో సుమారు సగమే కనుక, అది ఆక్రమించే చోటు 10 శాతం దాకా ఉంటుంది.

ఇంత బిగుసుకుపోయిన రాతిలో వాయువుకు చోటెక్కడిది? ఖనిజ రేణువుల సందుల్లో, సహజమైన పగుళ్లలో కొంత ఉంటుంది. అసలు చోటు ఎక్కడుందో కంటికి కనిపించింది 2009లో. టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ లౌక్స్, సహచరులు ఆ రాష్ట్రంలోని బార్నెట్ షేల్ ముక్కలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూశారు. మామూలుగా అరగదీసి నునుపు చేస్తే మెత్తని పదార్థం ఒకలా, గట్టిది ఒకలా అరిగి దొంగ గుంటలు పడతాయి. అందుకని ఆర్గాన్ అయాన్ పుంజంతో రాతిని చదును చేశారు. అప్పుడు కెరోజెన్ లోపలే 5 నుంచి 800 నానోమీటర్ల రంధ్రాలు బయటపడ్డాయి. కెరోజెన్ విడిపోయి నూనె, వాయువు పుట్టేటప్పుడు మిగిలిన ఖాళీలవి.

మీథేన్ అణువు వ్యాసం 0.38 నానోమీటర్లు. 5 నానోమీటర్ల రంధ్రంలో అడ్డంగా 13 అణువులు పడతాయి. 2 నానోమీటర్ల దాంట్లో ఐదే, వాటిలో రెండు గోడలకు ఆనుకునే ఉంటాయి. అంటే రంధ్రం సన్నబడేకొద్దీ గోడ ప్రభావమే ఎక్కువ. కెరోజెన్ గోడ మీథేన్‌ను తన వైపు లాక్కుని అంటిపెట్టుకుంటుంది. దీన్నే అధిశోషణం అంటాం. మైనస్ 82 డిగ్రీల కన్నా వేడిగా ఉంటే ఎంత అదిమినా మీథేన్ ద్రవంగా మారదు. అలాంటిది అంత వేడి రాతిలోనూ గోడనంటిన పొర ఇంచుమించు ద్రవమంత చిక్కగా ఉంటుంది. నన్నడిగితే ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా విచిత్రమైనది ఇదే. రంధ్రాల్లో స్వేచ్ఛగా ఉండేది, గోడనంటినది కాక, కెరోజెన్‌లోనూ నీటిలోనూ కరిగి ఉండే వాయువు మూడో రకం, అది కొద్దిపాటిదే.

గోడకు అంటుకోవడానికి ఒక పరిమితి ఉంది. బల్బుల మీద పనిచేస్తూ వచ్చిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1918లో దాన్ని సూత్రంగా చెప్పాడు. పల్లెవెలుగు బస్సును తలచుకుంటే చాలు. ముందు ఎక్కినవాళ్లకి సీట్లు. అవి నిండాక ఎక్కేవాళ్లంతా నిలబడాల్సిందే, ఆ నిలబడేవాళ్ల సంఖ్యకు మాత్రం హద్దు లేదు (మన బస్సుల్లో మరీను). దిగేటప్పుడు ముందు కదిలేది నిలబడ్డవాళ్లు. షేల్ బావిలోనూ అంతే. మొదటి నెలల్లో ఉరికివచ్చేది ప్రధానంగా రంధ్రాల్లో స్వేచ్ఛగా ఉన్న వాయువు. పీడనం బాగా పడిపోయాక గానీ గోడలనంటినది వదలదు. అందుకే షేల్ బావుల ఉత్పత్తి మొదట్లో వేగంగా పడిపోతుంది, ఆ తర్వాత సన్నగా ఏళ్ల తరబడి సాగుతుంది. లోతు తక్కువైన మిషిగన్‌లోని ఆంట్రిమ్ షేల్‌లో ఎక్కువ భాగం అంటుకున్న వాయువే. 3 కిలోమీటర్లు దాటిన లోతులో, అధిక పీడనం కింద ఉన్న లూసియానా హేన్స్‌విల్ షేల్‌లో స్వేచ్ఛా వాయువుదే పైచేయి.

ఈ అంటుకున్న భాగాన్ని తక్కువగా లెక్కించడం వల్ల బార్నెట్ కూడా కొన్నాళ్లు చిన్నచూపుకు గురైంది. జార్జ్ మిచెల్ కంపెనీ అక్కడ 1981లోనే తొలి బావి తవ్వింది. 1990ల చివర్లో రాతి నమూనాలను మళ్లీ కొలిస్తే, రాతిలో ఉన్న వాయువు పాత అంచనాకు కొన్ని రెట్లు తేలింది.

కొలవడం అంత తేలికేం కాదు. బావిలోంచి రాతి కడ్డీని పైకి లాగుతుంటేనే పీడనం తగ్గి వాయువు కారిపోతుంది. పైకి రాగానే గాలి చొరని డబ్బాలో బంధించి, వారాల తరబడి వెలువడే వాయువును కొలుస్తారు. చివరికి రాతిని పొడి చేసి మిగిలిన కాస్తా లెక్కిస్తారు. దారిలో పోయినదాన్ని మాత్రం అంచనా కట్టాల్సిందే. బొగ్గుగనుల్లో పేలుళ్ల భయంతో పుట్టిన పద్ధతిది. ఇంకో చిక్కు: గోడనంటిన పొర రంధ్రంలో కొంత చోటు ఆక్రమిస్తుంది. ఆ చోటును తీసివేయకుండా స్వేచ్ఛా వాయువును లెక్కిస్తే, ఒకే ఖాళీని రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

మన దేశపు అంకెలు చూస్తే ఈ చిక్కులెంత పెద్దవో తెలుస్తుంది. బొంబాయి, కావేరి, కృష్ణా-గోదావరి ప్రాంతాల్లో వెలికితీయదగ్గ షేల్ వాయువు 6.1 లక్షల కోట్ల ఘనపుటడుగులని అమెరికా భూగర్భ సర్వే 2011లో అంచనా వేసింది. దామోదర్ లోయను కూడా కలుపుకుని అదే దేశపు ఇంధన సమాచార సంస్థ 2013లో చెప్పిన అంకె 96 లక్షల కోట్లు. షేల్ ఉత్పత్తి అనుభవం లేనిచోట పొర మందం, కెరోజెన్ పాళ్లు, పీడనం ఎంతని ఊహించారన్నదాన్ని బట్టి జవాబు ఇలా మారిపోతుంది. పైగా బార్నెట్ కెరోజెన్ సముద్రపు నాచుది, కొమ్ముగూడెంది ప్రధానంగా నేల మీది మొక్కలది. ఇలాంటి కెరోజెన్‌లో ఆ నానో రంధ్రాలు సాధారణంగా తక్కువ. కనుక టెక్సస్ లెక్కను తెచ్చి గోదావరి జిల్లాల కింద పరచడం కుదరదు.