సిగ్నల్‌ అందని కొండల్లో కబురు చేరేదెలా?

టవర్‌ వచ్చే వరకు ముందస్తు ఏర్పాటే ఆధారం

పాడేరు: దూరాన ఉన్నవారి క్షేమ సమాచారాన్ని క్షణాల్లో తెలుసుకోవడం మైదాన ప్రాంతాల్లో సర్వసాధారణమైంది. మన్యంలోని అనేక కొండ శిఖర గ్రామాల్లో మాత్రం నేటికీ అది ప్రయాసతో కూడిన పనే. ఫోన్‌ చేతిలో ఉన్నా సిగ్నల్‌ కోసం కిలోమీటర్ల కొద్దీ నడవాలి, లేదంటే ఎత్తయిన గట్టు ఎక్కాలి. ఆశ్రమ పాఠశాలలో చదువుతున్న పిల్లవాడికి జ్వరం వచ్చినా, మిరప కోతలకు మైదానానికి వలస వెళ్లిన మనిషి ప్రమాదానికి గురైనా ఆ సంగతి ఇంటికి చేరడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది. దగ్గరి బంధువు మరణవార్త అంత్యక్రియలు ముగిశాక అందే సందర్భాలూ లేకపోలేదు. టవర్ల నిర్మాణం ప్రభుత్వాలు, టెలికాం సంస్థల చేతిలోని పని. అది పూర్తయ్యే వరకు కబురు ఎవరి ద్వారా, ఏ చోటికి, ఏ వేళకు చేరాలో నిర్ణయించుకోవడం కుటుంబాల చేతిలోనే ఉంది.

కొండే అడ్డుగోడ

సెల్‌ఫోన్‌ తరంగాలు ప్రధానంగా తిన్నగా పయనిస్తాయి. సాంకేతికంగా పాత 2జీ టవర్‌ పరిధి గరిష్ఠంగా 35 కిలోమీటర్ల వరకు ఉండవచ్చు. ఆ లెక్క అడ్డులేని సమతల ప్రదేశానికే వర్తిస్తుంది. తూర్పు కనుమల్లో 1,600 మీటర్లకు మించిన శిఖరాలు ఉన్నాయి. వాటి నడుమ లోయల్లో ఉన్న గ్రామానికి టవర్‌ రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, మధ్యలో కొండ అడ్డుపడితే సిగ్నల్‌ అందదు. వానాకాలంలో తడిసిన దట్టమైన అడవి సైతం తరంగాల బలాన్ని తగ్గిస్తుంది. ఊళ్లో మూగబోయిన ఫోన్‌ గట్టు ఎక్కగానే మోగడానికి కారణమిదే.

టవర్‌ నిలబెట్టినంత మాత్రాన పని పూర్తికాదు. దానిని ప్రధాన నెట్‌వర్క్‌తో అనుసంధానించడానికి ఫైబర్‌ కేబులో, మైక్రోవేవ్‌ లింకో, ఉపగ్రహ సంబంధమో ఉండాలి. నిరంతర విద్యుత్తు కావాలి. కరెంటు పోయి బ్యాటరీలు అడుగంటితే టవర్‌ ఉండీ లేనట్లే. జనసాంద్రత తక్కువైన చోట ఆదాయం ఖర్చుకు సరిపోదు. అందువల్లనే ఇటువంటి ప్రాంతాల్లో టవర్ల నిర్మాణం చాలావరకు ప్రభుత్వ నిధులపై ఆధారపడి సాగుతోంది.

దశలవారీగా టవర్లు

ఆంధ్రప్రదేశ్‌ సహా ఐదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాల్లో సెల్‌ సౌకర్యం లేని 7,287 గ్రామాలకు 4జీ సేవలు అందించే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2021 నవంబరులో ఆమోదించింది. 2022 జులైలో దేశవ్యాప్తంగా 24,680 గ్రామాలను ఉద్దేశించి రూ.26,316 కోట్లతో మరో పథకానికి పచ్చజెండా ఊపి, అమలు బాధ్యతను బీఎస్‌ఎన్‌ఎల్‌కు అప్పగించింది. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాలు ప్రధానంగా 100 జియో టవర్లను ఒకేసారి ప్రారంభించగా, వాటిలో అత్యధికం అప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే.

ప్రభుత్వ నిధులతో నిర్మించిన 4జీ టవర్లను వేర్వేరు సంస్థల వినియోగదారులు ఉమ్మడిగా వాడుకునే ఏర్పాటు 2025 జనవరిలో మొదలైంది. కాబట్టి తమ సంస్థ సిగ్నల్‌ లేదని నిరాశపడకుండా, ఫోన్‌ సెట్టింగుల్లో నెట్‌వర్క్‌ ఎంపికకు వెళ్లి అక్కడ ఏయే నెట్‌వర్క్‌లు కనిపిస్తున్నాయో వెదకడం మంచిది. ఆ ఫోన్‌ 4జీ కాల్స్‌కు అనువైనదై ఉండాలన్నది మరువరాదు.

వేళ, చోటు, మనిషి

సిగ్నల్‌ లేని గ్రామాలవారు ముందుగా స్థిరపరచుకోవలసినవి మూడు. మొదటిది వేళ. వారంలో ఏ రోజున, ఏ గంటకు మాట్లాడుకోవాలో ఇరువైపులవారు అనుకోవాలి. వారపు సంత ఇందుకు చక్కగా సరిపోతుంది. సరుకులకు ఎలాగూ సిగ్నల్‌ ఉన్న ఊరికి దిగుతారు కనుక ప్రత్యేకంగా ఒక రోజు కూలి పోగొట్టుకోనక్కరలేదు. రెండవది చోటు. సిగ్నల్‌ అందే గట్టును, మలుపును ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి. వయసు మళ్లినవారు ఎక్కలేని గట్టయితే ఇంకో చోటు చూసుకోవాలి. పిడుగులు పడే వేళ ఎత్తయిన ప్రదేశాల్లో నిలబడడం ప్రాణాంతకమని మరువరాదు.

మూడవది మనిషి. తాము అందుబాటులో లేనప్పుడు కబురు అందుకుని ఊరికి చేరవేసే నమ్మకస్తుడొకరు ఉండాలి. సంత ఊరిలోని దుకాణదారు, జీపు నడిపేవారు, ఆశా కార్యకర్త, ఉపాధ్యాయుడు, తపాలా ఉద్యోగి వీరిలో ఎవరైనా కావచ్చు. వారి అనుమతితో నంబరును హాస్టల్‌ వార్డెన్‌కు, వలస వెళ్లినచోట మేస్త్రీకి రాసి ఇవ్వాలి. ఫోన్‌ పోయినా, బ్యాటరీ అయిపోయినా పనికివచ్చేలా కాగితంపై రాసిన నంబరు జేబులో ఉండడం మేలు. ఒక వారం ఫోన్‌ రాకపోతే ఎన్ని రోజులు ఆగాలి, ఆ తరువాత ఎవరిని వాకబు చేయాలి అన్నది కూడా ముందే అనుకుంటే అనవసర ఆందోళన తప్పుతుంది. నిజంగా ఆపద వాటిల్లినప్పుడు కాలయాపనా జరగదు.

ఎన్నికల సమయంలో అధికారులు అనుసరించే పద్ధతీ ఇటువంటిదే. ఫోన్‌ సౌకర్యం లేని పోలింగ్‌ కేంద్రాలను షాడో ఏరియాలుగా ముందే గుర్తించి, వైర్‌లెస్‌ సెట్లు, ఉపగ్రహ ఫోన్లు, కబురు మోసే మనుషుల ద్వారా సమాచారం తెప్పించుకుంటారు.

చిన్న సందేశమే మేలు

సిగ్నల్‌ బలహీనంగా ఉన్నచోట మాట నిలవకపోయినా ఎస్‌ఎంఎస్‌ వెళ్లే అవకాశం ఎక్కువ. అవతలి ఫోన్‌ అందుబాటులో లేకపోతే సందేశం సంస్థ కేంద్రంలో కొంతకాలం నిలిచి, ఫోన్‌ సిగ్నల్‌లోకి రాగానే చేరుతుంది. ఇంగ్లిషు లిపిలో ఒక సందేశానికి 160 అక్షర స్థానాలుండగా తెలుగు లిపిలో 70 మాత్రమే ఉంటాయి. గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కకు వస్తాయి. ‘అమ్మ’ అనే మాటకే నాలుగు స్థానాలు పడతాయి. పరిధి దాటిన సందేశం ముక్కలై వెళ్తుంది. ముక్కలన్నీ చేరితే తప్ప పూర్తి విషయం తెలియదు. అందుచేత ఎవరికి ఏమైంది, ఎక్కడ ఉన్నారు, ఏం చేయాలి అన్న మూడు సంగతులనే క్లుప్తంగా పంపాలి.

సిగ్నల్‌ లేనిచోట ఫోన్‌ నిరంతరం టవర్‌ కోసం వెదుకుతూ బ్యాటరీని త్వరగా ఖర్చు చేస్తుంది. ఊళ్లో ఉన్నంతసేపు ఫ్లైట్‌ మోడ్‌లో ఉంచి, సిగ్నల్‌ ఉన్న చోటికి వెళ్లాక మార్చుకుంటే ఛార్జింగ్‌ ఎక్కువ సేపు నిలుస్తుంది. సెల్‌ సిగ్నల్‌ లేకున్నా పాఠశాలలోనో, కార్యాలయంలోనో ఇంటర్నెట్‌తో కూడిన వైఫై ఉంటే, వైఫై కాలింగ్‌ సదుపాయమున్న ఫోన్ల నుంచి మామూలు నంబరుకే మాట్లాడవచ్చు.

తపాలాకు తగ్గని అవసరం

దేశంలో టెలిగ్రాం సేవలు 2013 జులైలో ముగిసిపోయాయి. ఉత్తరం మాత్రం మిగిలి ఉంది. 50 పైసల పోస్టుకార్డు నేటికీ దొరుకుతుంది. హాస్టల్‌ పిల్లలు నెలకొక కార్డు రాసే అలవాటు చేసుకుంటే తల్లిదండ్రులకు భరోసాగా ఉంటుంది. చదువు రాని ఇళ్లలో దానిని చదివి వినిపించే వారెవరో ముందే చూసుకోవాలి. 2018 సెప్టెంబరులో మొదలైన ఇండియా పోస్ట్‌ పేమెంట్స్‌ బ్యాంకు ద్వారా ఇంటికి పంపిన సొమ్మును వేలిముద్రతో తీసుకునే వీలుంది. అయితే ఆ యంత్రానికీ సిగ్నల్‌ కావాలి కనుక, ఏ రోజున ఎక్కడ చెల్లిస్తారో తపాలా ఉద్యోగిని ముందుగా అడిగి తెలుసుకోవాలి.

ప్రాణాపాయ వేళ

2005లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్స్‌ ఎందరికో ప్రాణదానం చేసింది. ఫోన్‌ కలవని ఊరికి ఆ సేవ అందాలంటే ముందుగా ఒకరు పరుగున వెళ్లి కబురు చెప్పాలి. ఈలోగా రోగిని డోలీలో రోడ్డు వరకు మోసుకురావాలి. ఈ రెండూ ఒకేసారి మొదలయ్యేలా ఊరివారు ఏర్పాటు చేసుకోవాలి. నెలలు నిండిన గర్భిణులు కాన్పు తేదీకి ముందుగానే ఆసుపత్రికి చేరువలోని వసతి గృహానికో, బంధువుల ఇంటికో చేరుకోవడం అన్నిటికన్నా క్షేమకరం. తమ నెట్‌వర్క్‌ లేకపోయినా మరొక సంస్థ టవర్‌ అందుతూ ఉంటే 112 అత్యవసర నంబరుకు కాల్‌ వెళ్లే అవకాశం ఉంది. ఏ టవరూ అందనిచోట అదీ పనిచేయదు.

ఉపగ్రహ ఫోన్‌ తెచ్చుకుంటే సరిపోతుందని కొందరు భావిస్తారు. ప్రభుత్వ అనుమతి లేకుండా దానిని వాడడం చట్టవిరుద్ధం. విదేశాల నుంచి వచ్చే బంధువులు తెచ్చినా ఇబ్బందులు తప్పవు. అనుమతి లేని సిగ్నల్‌ బూస్టర్లదీ ఇదే పరిస్థితి. అవి చుట్టుపక్కల ఫోన్లకు సైతం ఆటంకం కలిగిస్తాయి.

సిగ్నల్‌ లేని గ్రామాలవారు గ్రామసభలో తీర్మానం చేసి ఐటీడీఏ అధికారులకు అందజేయవచ్చు. టవర్‌ ఉండీ పనిచేయకపోతే ఏ రోజుల్లో, ఎంతసేపు ఆగిపోయిందో రాసి ఉంచి ఫిర్యాదుకు జతపరిస్తే సమస్య స్పష్టంగా తెలుస్తుంది. ఆ అర్జీకి ఫలితం వచ్చే లోపు, వచ్చే సంత రోజుకైనా ప్రతి ఇంటివారూ తమ వేళ, చోటు, మనిషి ఎవరో తేల్చుకుని పిల్లలకు, వలస వెళ్లేవారికి చెప్పి ఉంచడం అవసరం.